నవంబరు 19 పేజీ

మా సోషల్ మాస్టారికి తేదీల పిచ్చి. పిచ్చి అంటే తక్కువ చెప్పినట్టే. ఎవరైనా శుభలేఖ తెచ్చి చేతిలో పెడితే పెళ్లికొడుకెవరో, పెళ్లికూతురెవరో తర్వాత, ముందు తేదీ చూసేవారు. ఒకసారి మా ఊరి రైతు ఒకాయన కొడుకు పెళ్లికి పిలవడానికి బడికే వచ్చాడు. మాస్టారు కార్డు చూసి, "మే 10నా! సిపాయిల తిరుగుబాటు మొదలైన రోజు కదయ్యా, ఇంట్లో కాస్త జాగ్రత్తగా ఉండమను మీవాణ్ణి" అన్నారు. ఆయన ఏమనుకోవాలో తెలియక మా వైపు చూశాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం.

ఇది కృష్ణా జిల్లా చల్లపల్లిలో, 1980ల నాటి మాట. మాస్టారి దగ్గర ఎర్రగుడ్డ బైండింగ్ వేసిన పెద్ద చిట్టా పుస్తకం ఉండేది. రైస్ మిల్లులో గుమస్తాలు లెక్కలు రాసుకునే రకం. పేజీకి ఒక తేదీ. ఫిబ్రవరి 29తో కలిపి 366 పేజీలు. పేపర్లో ఏదైనా కనపడితే కత్తిరించి ఆ తేదీ పేజీలో అంటించేవారు. జిగురు ఇంట్లోనే మైదాపిండితో కాచుకునేవారు, బొద్దింకలు కొరక్కుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. ఆ పుస్తకం తెరిస్తే ముందు ఆ జిగురు వాసనే వచ్చేది, చరిత్ర తర్వాత.

చిట్టా పుస్తకం కాబట్టి ప్రతి పేజీలోనూ జమ, ఖర్చు అని రెండు గళ్లు అచ్చువేసి ఉండేవి. మాస్టారు వాటిని వదల్లేదు. పుట్టినవాళ్లని జమలో రాసేవారు, పోయినవాళ్లని ఖర్చులో. యుద్ధాలు, ఒప్పందాలు, ప్రమాణ స్వీకారాలు అయితే రెండు గళ్లనీ కలిపేస్తూ అడ్డంగా. అక్టోబరు 31 పేజీలో ఎప్పటినుంచో జమలో 1875 సర్దార్ పటేల్ ఒక్కడే ఉండేవాడు. 1984లో ఖర్చు గడిలో ఇందిరాగాంధీ చేరింది. ఆ వరస రాస్తున్నప్పుడు ఆయన చెయ్యి చూశాను. మామూలుగా గొలుసుకట్టు రాతలో గబగబా రాసుకుపోయే మనిషి, ఆ రోజు ఒక్కో అక్షరం విడివిడిగా దిద్దారు.

నా పని ఏంటంటే, పొద్దున్నే ప్రార్థన గంట కొట్టేలోపు ఆయన చెప్పినవాటిని వరండాలో ఉన్న బోర్డు మీద "చరిత్రలో ఈ రోజు" అని రాయడం. నా రాత గుండ్రంగా ఉంటుందని నాకా ఉద్యోగం ఇచ్చారు. దానివల్ల ఇంగ్లిషు పీరియడ్‌లో హోంవర్కు చెయ్యకపోయినా ఒకటి రెండుసార్లు క్షమించారు, అది వేరే సంగతి.

నవంబరు నెల వచ్చిందంటే మాస్టారికి పండగ. ముందు 7వ తేదీ. మా ప్రాంతంలో కమ్యూనిస్టు పార్టీకి పాతకాలం నుంచీ పట్టుంది. చల్లపల్లి జమీందారు భూముల కోసం జరిగిన పోరాటాల కథలు మా తాతల నోట విన్నవే. పార్టీ పెద్ద నాయకుడు చండ్ర రాజేశ్వరరావుది మా పక్కనున్న మంగళాపురం. అందుకని నవంబరు 7న సెంటర్లో ఎర్రజెండా ఎగరేసి అక్టోబరు విప్లవ దినం చేసేవారు. అక్టోబరు విప్లవం నవంబరులో ఏంటండీ అని అడిగితే మాస్టారి మొహం వెలిగిపోయేది. అప్పటి రష్యా వాడిన పాత క్యాలెండర్ మనకంటే 13 రోజులు వెనక నడిచేదనీ, వాళ్ల అక్టోబరు 25 మనకి నవంబరు 7 అనీ చెప్పేవారు. ఆ వెంటనే చిట్టా తిప్పి జమ గడి చూపించేవారు. 1867 మేరీ క్యూరీ, 1888 సి.వి.రామన్, ఇంకా 1900 రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి.రంగా. అంటే విప్లవం వచ్చిన రోజున రంగా గారికి సరిగ్గా 17 ఏళ్లు నిండాయన్నమాట. మా జిల్లాల్లో ఎర్రజెండా వాళ్లకీ రంగా గారి వాళ్లకీ ఎంత పడేదో తెలిసినవాళ్లకి ఇందులో తమాషా అర్థమవుతుంది. ఒకే రోజున ఒక వీధిలో విప్లవ దినం, పక్క వీధిలో రంగా గారి పుట్టినరోజు. "క్యాలెండర్‌కి పార్టీ లేదురా" అనేవారు మాస్టారు.

నవంబరు 1 పేజీలో మా సంగతే ఉంది, అదీ రెండుసార్లు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అదే రోజు కర్ణాటక, అప్పటికి మైసూరు అనే పేరుతో, కేరళ, కొత్త మధ్యప్రదేశ్ కూడా. ఇది అందరికీ తెలిసిందే. దానిపైన ఇంకో వరస ఉండేది, "1864, బందరు ఉప్పెన". ఆ రాత్రి సముద్రం బందరు మీద పడి, చుట్టుపక్కల ఊళ్లతో కలిపి సుమారు 30 వేలమంది పోయారు. మేం బోర్డు మీద రాష్ట్ర అవతరణ గురించి రంగు సుద్దముక్కలతో రాసేవాళ్లం. మిఠాయిలు పంచేవారు. బందరు మాకు సుమారు పాతిక కిలోమీటర్ల దూరమే, అయినా ఆ 30 వేలమంది సంగతి బడిలో మాస్టారికి తప్ప ఇంకెవరికీ తెలిసినట్టు లేదు.

ఒకే తేదీన ఇన్ని జరగడంలో ఏదో మర్మం ఉందని మాకు అనిపించేది. మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ఉన్నవి 366 గదులే, జరిగినవి లక్షల సంగతులు, ఒకదాని మీద ఒకటి పడక ఎక్కడికి పోతాయి అనేవారు. లెక్కల మాస్టారు ఇంకో అడుగు ముందుకేశారు. 23 మంది ఒకచోట చేరితే వాళ్లలో ఏ ఇద్దరి పుట్టినరోజైనా ఒకటే కావడానికి సగానికి పైగా అవకాశం ఉందని చెప్పి, మా క్లాసులోనే రుజువు చేస్తానని హాజరుపట్టీ తెరిచారు. తీరా చూస్తే క్లాసులో సగంమందికి జూలై 1. బడిలో వేసేటప్పుడు అమ్మానాన్నలకి తేదీ తెలియదు. పిల్లాడి కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి అందితే ఐదేళ్లు నిండినట్టే, జూలై 1 వేసెయ్యడమే. లెక్కల మాస్టారు పట్టీ మూసేసి ఇంకో లెక్క చెప్పారు.

ఇంతకీ నవంబరు 19.

చిట్టా మొత్తంలో ఆ పేజీ అంత కిక్కిరిసి ఉన్న పేజీ లేదు. జమలో 1828, ఝాన్సీ లక్ష్మీబాయి. దాని కింద 1917, ఇందిరాగాంధీ. మధ్యలో అడ్డంగా 1863, లింకన్ గెట్టిస్‌బర్గ్ ప్రసంగం. యుద్ధంలో చనిపోయిన సైనికుల శ్మశానాన్ని అంకితం చేసే సభ అది. లింకన్ కంటే ముందు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పెద్ద వక్త రెండు గంటలు మాట్లాడాడు. తర్వాత లింకన్ లేచి రెండు నిమిషాల్లో ముగించి కూచున్నాడు. ఈ రెండు నిమిషాల సంగతి మాస్టారు ఏటా ఆ రోజున తప్పకుండా రాయించేవారు. ఎందుకో మాకు తర్వాత తెలిసింది. ఆ రోజు ఇందిర జయంతి కాబట్టి ప్రార్థనలో పెద్దల ప్రసంగాలుండేవి. ఎండలో నిలబెట్టి అరగంట, ముప్పావుగంట. వెనకనున్న బోర్డు మీద లింకన్ రెండు నిమిషాలు. చూడాల్సినవాళ్లు మాత్రం ఎప్పుడూ అటు చూడలేదు.

1969 దగ్గర రెండు వరసలు. అపోలో 12 చంద్రుడి మీద దిగిన రోజు అది. మనుషులు అక్కడ దిగడం రెండోసారి, అందుకే ఎవరికీ అంతగా గుర్తుండదు. పైగా అలన్ బీన్ కెమెరాని పొరపాటున సూర్యుడి వైపు తిప్పడంతో అది కాస్తా మాడిపోయి, టీవీ పెట్టుకు కూచున్న అమెరికా వాళ్లకి చూడ్డానికేమీ లేకపోయింది. వాళ్లు దిగిన చోటు పేరు తుఫానుల సముద్రం. మాస్టారు ఆ రెండు మాటల కింద ఎర్రసిరాతో గీత గీశారు. రెండో వరస పీలే వెయ్యో గోల్, రియోలోని మరకానా స్టేడియంలో, వాస్కో డ గామా జట్టు మీద పెనాల్టీ కిక్. దాని పక్కన "మన లెక్కలో 20" అని బ్రాకెట్లో రాసుకున్నారు. అక్కడ రాత్రి అయితే ఇక్కడ తెల్లారిపోయింది కదా! అంత చాదస్తం.

ఆ కింద 1977.

ఆ ఏడాది కూడా రెండు వరసలే. పైది, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో దిగడం. యుద్ధాలు చేసుకున్న దేశానికి ఒక అరబ్బు నాయకుడు బహిరంగంగా వెళ్లడం అదే మొదటిసారి. ప్రపంచంలో పేపర్లన్నీ ఆ వార్తే. కిందిది ఖర్చు గడిలో, "దివిసీమ ఉప్పెన". పక్కన అంకె వేయడానికి జాగా వదిలి, అంకె వెయ్యలేదు. ఎందుకండీ అంటే, ఒక్కో పేపరు ఒక్కోటి చెప్పింది, ఏది వెయ్యమంటావు అన్నారు. పదివేలమందికి పైనే అన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట. మొత్తం ఊళ్లకి ఊళ్లే కొట్టుకుపోయిన చోట లెక్క ఎవరిని అడగాలి?

నాకప్పుడు ఐదేళ్లు. దీపావళి వెళ్లి వారం దాటింది, కార్తీకమాసం. వరి పంట కోతకు వస్తున్న రోజులు. మాది పెంకుటిల్లు. శనివారం గాలి అంతకంతకీ పెరిగి, పెంకులు ఒక్కొక్కటీ లేచి పెరట్లో పడుతుంటే నాన్న మమ్మల్ని తీసుకెళ్లి పందిరిమంచం కిందకి తోశాడు. అమ్మ మంచం కింద కూచునే చెల్లికి పాలు పట్టింది. గాలి ఊళలు వేస్తోంది అంటారే, అది నేను విన్నాను. ఇప్పటికీ రాత్రిపూట వెంటిలేటర్లోంచి గాలి కాస్త గట్టిగా వీస్తే లేచి కూచుంటాను. నీళ్లు మాత్రం మా ఊరిదాకా రాలేదు. తెల్లారి చూస్తే చేలన్నీ చాప చుట్టేసినట్టు పడుకున్నాయి, కొబ్బరిచెట్లు సగం లేవు. మాకు జరిగిందే పెద్ద నష్టం అనుకున్నాం.

దక్షిణాన, సముద్రం ఒడ్డునున్న దివిసీమలో ఏం జరిగిందో మాకు వెంటనే తెలియలేదు. స్తంభాలు కూలిపోయాయి, రోడ్లు తెగిపోయాయి. తర్వాత ఒక్కొక్కరే నడిచొచ్చారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఏటిమొగ, నాలి... ఆ ఊళ్ల పేర్లు నేను మొదటిసారి విన్నది అప్పుడే, అదీ "లేదు" అనే మాటతో కలిపి. తాటిచెట్లంత ఎత్తున నీళ్లొచ్చాయని చెప్పుకున్నారు. అలలు 5, 6 మీటర్లని తర్వాత పుస్తకాల్లో చదివాను. చెట్టు కొమ్మకి పంచెతో కట్టుకుని బతికినవాళ్లున్నారు, తుమ్మముళ్లు ఒళ్లంతా దిగబడ్డా వదలకుండా పట్టుకున్నవాళ్లున్నారు. బెజవాడ నుంచి అవనిగడ్డ వెళ్లే లారీలన్నీ మా ఊరి మీదుగానే పోవాలి. రోజులతరబడి పోతూనే ఉన్నాయి. బియ్యం, దుప్పట్లు, సున్నం, కిరసనాయిలు. సున్నం, కిరసనాయిలు ఎందుకో అమ్మ చెప్పలేదు. మందపాటి గుడ్డ మూతికి కట్టుకుని లారీల మీద కూచున్న కాలేజీ కుర్రాళ్లలో మా మాస్టారు కూడా ఉన్నారట, అప్పటికింకా ఉద్యోగం రాలేదు. ఆ సంగతి ఆయన క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. మా నాన్న చెబితే తెలిసింది. సినిమావాళ్లు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి చందాలు వసూలు చేయడం, రామకృష్ణ మిషన్ లాంటివాళ్లు వచ్చి ఇళ్లు కట్టించడం, ఇవన్నీ ఆ తర్వాత.

ఇప్పుడు నాకు బాగా అర్థమవుతున్నది ఒకటుంది. నవంబరు 19న బోర్డు మీద ఝాన్సీరాణి ఉండేది, లింకన్ ఉండేవాడు, పీలే కూడా చోటుంటే ఉండేవాడు. ఉప్పెన మాత్రం ఒక్క ఏడాది కూడా రాయించలేదు మాస్టారు. తొమ్మిదో తరగతిలో నేనే అడిగాను. "ఎవరికి తెలియదని రాయడం?" అన్నారు. కాసేపాగి, "నీ పక్కన కూచునేవాడు ఎక్కణ్ణుంచొచ్చాడు?" అన్నారు.

నా పక్కన కూచునేవాడు ఉప్పెన తర్వాత అమ్మమ్మగారింటికి వచ్చినవాడు. అమ్మా, నాన్నా, ఇంకో ఇద్దరు తోబుట్టువులూ పోయారు. వాడితో పాటు అలా వచ్చినవాళ్లు బడిలో ఇంకొందరు ఉండేవారు. వాడు 19వ తేదీన మామూలుగానే బడికొచ్చేవాడు, గోళీలాడేవాడు. వాళ్ల అమ్మమ్మ తిథి ప్రకారం తద్దినం పెట్టించేది. అది ఒక ఏడు నవంబరు మొదట్లో పడేది, ఒక ఏడు నెలాఖర్లో పడేది. ఆ రోజు మాత్రం వాడు రాడు. 19న సర్కారువాళ్లు, నాయకులు వచ్చి స్తూపాలకి దండలు వేస్తే ఆవిడ చూడ్డానికి కూడా వెళ్లేది కాదట. "అది ఆళ్ల రోజు" అనేదట. అంటే చరిత్రలో ఈ రోజు అని మేం రాసే రోజు ఆ ఇంట్లో అసలు ఆ రోజే కాదు. ఇది నాకు చాలా ఏళ్లదాకా బుర్రకెక్కలేదు.

ఇంకోటి, ఆ రోజున అందరి కళ్లూ సాదత్ వెళ్లిన యెరూషలేం మీద ఉన్నాయి. అది తప్పని అనను, అది పెద్ద వార్తే. ఆ సాయంత్రానికి ఇందిరమ్మకి 60 ఏళ్లు నిండాయి, చేతిలో పదవి లేదు. ఇక్కడ సముద్రం లేచింది. మూడూ ఒకే తేదీన. ఏది ఏ పేజీలో పడుతుందో నిర్ణయించేవాళ్లు ఎక్కడో ఉంటారు. మాస్టారు సాదత్‌ని పైన రాసి ఉప్పెనని కింద రాయడం చూసి నాకు అప్పట్లో కోపం వచ్చేది. ఆయన మాత్రం ఏ వార్త ముందు చేతికొస్తే అది ముందు రాశారంతే. మన ఉప్పెన వార్త మనకే ఆలస్యంగా చేరింది.

2021 నవంబరు 19 పొద్దున ఇది మళ్లీ గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో కాఫీ తాగుతూ టీవీ పెట్టాను. ప్రధాని మూడు సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. ఏ ఛానెల్ తిప్పినా అదే. ఏడాదిగా రోడ్డు మీద కూచున్న రైతుల సంగతి, చిన్న వార్తేం కాదు. తెల్లవారుజామునే కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయింది. కార్తీక పున్నమి. పులపత్తూరు, మందపల్లి ఊళ్ల మీద నీళ్లు పడ్డాయి. దీపాలు పెట్టడానికి శివాలయానికి వెళ్లినవాళ్లు కొట్టుకుపోయారు. అది ముందు కింద స్క్రోలింగ్‌లో వచ్చింది. 44 ఏళ్ల తర్వాత, అదే తేదీ, అదే కార్తీకం, మళ్లీ నీళ్లే, మళ్లీ ఆ వార్త పైకి రావడానికి ఆలస్యమే.

మాస్టారైతే ఇందులోనూ మర్మం లేదనేవారు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫాన్ల కాలం, బందరు, దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ, అన్నీ ఆ రెండు నెలల్లోనే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే, సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది. పైవాడు తేదీ చూసుకుని పంపడు. కాలం అది, అంతే.

మా అబ్బాయికి ఇదంతా చెబితే వాడికి వేరే నవంబరు 19 ఉంది. 2023 వరల్డ్ కప్ ఫైనల్, అహ్మదాబాద్. మనవాళ్లు 240కి ఆలౌట్, ట్రావిస్ హెడ్ 137, ఆరు వికెట్ల తేడాతో ఓటమి. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. ఏటా ఆ తేదీన వాడి ఫ్రెండ్స్ గ్రూపులో హెడ్ ఫొటో పెట్టి ఏడ్చుకుంటారు. అదే రోజు అంతర్జాతీయ పురుషుల దినం, ప్రపంచ టాయిలెట్ దినం కూడానని చెప్పాను. ఈ రెండిటినీ ఒకే రోజున పెట్టినవాళ్లెవరో గానీ మా ఆవిడ చాలా సంతోషించింది.

కిందటేడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి వెళ్లి, వస్తూ మా మేనత్త అత్తగారి తరఫు పెద్దావిడని చూసొచ్చాం. కోడూరు వైపు మనిషి. ఉప్పెనలో చాలామందిని పోగొట్టుకుంది, ఆ కబుర్లు అడిగితే మాట మార్చేస్తుంది. వయసెంత మామ్మా అంటే, "ఉప్పెనకి నా పెద్దోడు చంకలో ఉన్నాడు, నువ్వే లెక్కేసుకో" అంది. ఆ పక్క ఆమె ఈడువాళ్లందరిదీ అదే లెక్క. పెళ్లి ఉప్పెనకి ముందా తర్వాతా, ఆ పొలం కొన్నది ముందా తర్వాతా. పింఛను కాగితాల కోసం ఆధార్ కార్డు తీసి చూపించింది. పుట్టినతేదీ దగ్గర జనవరి 1 అని ఉంది.

"తారీకెంతమ్మా అని ఆ కుర్రాడు అడిగాడు. ఉప్పెన సంగతే చెప్పాను. ఆడు ఎక్కడో తెనాలి అవతల నుంచొచ్చాడంట, పాపం ఆడికేం తెలుసు. జనవరి ఒకటి ఏసేశాడు. పోన్లే, ఆ రోజు అందరూ కేకులు కోస్తారంటగా" అని కార్డు మళ్లీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంటూ, "కాఫీ తాగుతారా, మజ్జిగ ఇవ్వనా?" అంది.